ఏడో ప్రదక్షిణ

మా గల్లీలో ఇప్పుడొక కథ తిరుగుతోంది. ఆడవాళ్లు దాన్ని ‘ఏడో సుట్టు కథ’ అంటున్నారు. పక్క గల్లీ వాళ్లు కూడా వచ్చి, ఇంకోసారి చెప్పమని అడిగి మరీ విని వెళ్లారట. అందులో ఒక కుమ్మరి ఉంటాడు, అతనికి ఒక కూతురు ఉంటుంది. ఊరి పేరు ఉండదు, మనుషుల పేర్లు ఉండవు. ఆ కూతురిని నేనే. నేను ఒకే ఒక్క మనిషికి, చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పుకున్న మాట, ఇవాళ చేవెళ్లలో కూరగాయలు తూచేవాళ్లకు కూడా తెలుసు.

ఆ ఒక్క మనిషి మా గల్లీ చివరింట్లో ఉంటుంది. అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేసి దిగిపోయింది కాబట్టి పిల్లలకూ పెద్దలకూ ఆమె టీచరమ్మ. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి ఇంటి ముందు రేకుల పందిరి కింద చాపలు పరుస్తుంది. పొద్దటి పని ముగించుకున్న ఆడవాళ్లు పదిహేను ఇరవై మంది వస్తారు. ఆమె దేవుడి కథ చెబుతుంది. కథకు ముందు ఇత్తడి పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం తెచ్చి అందరి కుడిచేతిలో చిటికెడు పోస్తుంది. ఆ అక్షింతలు గుప్పిట్లో పట్టుకొని వినాలి. కథ ముగిసేదాకా గుప్పిలి విప్పకూడదు, మధ్యలో లేవకూడదు. లేస్తే కథ తెగుతుందని, తెగిన కథ లేచినవాళ్ల ఇంటికి అచ్చిరాదని ఆమె అంటుంది. చివర్లో ఎవరి తలమీద వాళ్లే అక్షింతలు వేసుకొని లేస్తారు.

నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మ మొదటిసారి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. బడిలో నేను నోరు విప్పేదాన్ని కాదు. హాజరు పిలిస్తే పలకలేక చెయ్యెత్తేదాన్ని. నలుగురిలో కూర్చుంటే బిడ్డకు మాటలు వస్తాయని అమ్మ ఆశ. మాటలు రాలేదు, కథలు మాత్రం వచ్చాయి.

టీచరమ్మ దేవుడి కథలన్నిటినీ మా చుట్టుపక్కలకే తెచ్చేది. మొసలికి చిక్కిన ఏనుగు నీళ్లు తాగడానికి గండిపేటకు వచ్చేది. దేవుడి కోసం పండ్లు కొరికి రుచి చూసే ముసలామె వికారాబాద్ అడవిలో రేగుపండ్లు ఏరేది. చిన్నప్పటి స్నేహితుణ్ని చూడబోయిన పేదవాడు అటుకుల మూట చంకన పెట్టుకొని శంకర్‌పల్లిలో రైలెక్కేవాడు. రైలన్నప్పుడు ఒకామె ఊరుకోలేక, టికెట్ కొన్నాడా మరి అని అడిగింది.

“దేవుని దోస్తును టికెట్ అడుగుతరానె?” అంది టీచరమ్మ.

పందిరి కింద అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. బయట నవ్విన గుర్తు నాకు అప్పటిదాకా లేదు. ఇంకోసారి ఒకామె ఎండకు తూగుతుంటే టీచరమ్మ కథ ఆపకుండానే, జర ఆగవే, దేవుడు ఏనుగును ఇడిపిచ్చినంక పండుకుందువు అంది.

ఇంటికి వచ్చి ఆ కథలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఎడమ పేజీలో ఆమె చెప్పిన కథ, కుడి పేజీలో నా సంగతి. మొదట్లో కుడి పేజీలో రెండు లైన్లు కూడా ఉండేవి కావు. మెల్లమెల్లగా అది నిండుతూ వచ్చింది. ముసలామె కథ విన్న వారం, పూర్తిగా రాని శ్లోకమైనా దేవుడి ముందు చదవొచ్చని రాసుకున్నాను. అంతకుముందు తప్పుపోతుందేమోనన్న భయంతో పెదవులు కదిపేదాన్ని కాదు. నిప్పూ పామూ ఏమీ చేయలేని పిల్లవాడి కథ నాకు ధైర్యం ఇవ్వలేదు. కానీ భయపడుతూ కూడా దేవుడి పేరు తలచుకోవచ్చని ఆ రోజే తెలిసింది. అన్నిటికంటే అటుకుల కథ నాది అనిపించేది. అంత పెద్ద ఇంట్లోకి వెళ్లాక ఆ పేదవాడు సిగ్గుతో మూటను వెనక్కి దాచుకుంటాడు. ఆ దాచుకున్న చెయ్యి నాకు తెలుసు. దేవుడు ఆ చెయ్యి పట్టుకొని మూట లాక్కుని తిన్నాడని విన్నప్పుడు, నేను దాచుకున్నవి కూడా ఆయనకు తెలిసే ఉంటాయని, తెలిసినా కోపగించడని నమ్మాను. పూజగదిలో కూర్చోవడం నాకు అప్పటినుంచే ఇష్టమైంది. ఇదంతా టీచరమ్మ ఇచ్చిందే. ఆ మాట రాయకపోతే మిగతాది రాసే హక్కు నాకు ఉండదు.

డిగ్రీ అయ్యాక మొయినాబాద్ దగ్గర ఒక మొక్కల నర్సరీలో పనికి కుదిరాను. ఫాంహౌస్‌ల వాళ్లు వచ్చి మొక్కలు చూస్తారు, నేను రసీదులు రాస్తాను, ఏ మొక్కకు ఎంత నీడ కావాలో అడిగితే చెబుతాను. మాట్లాడాల్సింది తక్కువ కాబట్టి ఆ పని నాకు నచ్చింది. బస్సులో పోతూ పుస్తకం చదువుకునేదాన్ని. శనివారం మధ్యాహ్నం సెలవు అడిగి పెట్టుకున్నాను, ఎందుకని ఎవరూ అడగలేదు.

మా బాపుకు ఊరి బయట ఎకరన్నర ఉంది. కొత్తిమీర, పాలకూర, టమాట వేస్తాడు. ఒక తెల్లవారుజామున మడిలో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతుంటే ఆయన కుడిచేతి వేళ్లు నారను పట్టుకోలేదు. మళ్లీ పట్టుకోబోయాడట, మళ్లీ జారింది. మూడోసారి ఆయనే పక్కకు ఒరిగాడు. దవాఖానలో పక్షవాతం అన్నారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పోయాయి. మాట కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది, మిగతా రెండూ అప్పట్లో రాలేదు.

తొమ్మిది నెలలు మంచంలో ఉన్నాడు. బస్సు టైముకు ముందు అమ్మా నేనూ కలిసి ఆయనకు స్నానం చేయించేవాళ్లం. సాయంత్రం వచ్చాక అన్నం కలిపి తినిపించేది నేను. పెదవి చివర కారిన పప్పు తుడవబోతే ఆయన ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. మడిలో పది మందిని కేకలేసి పని చేయించిన మనిషి. అమ్మకు నడుము పట్టేసేది. నాకు చేతులు నొప్పి. ఒకరితో ఒకరం ఆ సంగతి అనుకునేవాళ్లం కాదు.

టీచరమ్మ వారానికి రెండుసార్లు వచ్చి బాపు మంచం పక్కన కూర్చునేది. ఆమే నన్ను గుడికి పొమ్మంది. మొయినాబాద్ దాటాక రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే గుడి అది. అక్కడ ఒక మొక్కు పద్ధతి ఉంది. కోరిక చెప్పుకుంటూ పదకొండు ప్రదక్షిణలు చేయాలి. అది తీరాక మళ్లీ వచ్చి నూట ఎనిమిది చేయాలి. లెక్క తప్పకుండా నూట ఎనిమిది గళ్లున్న కార్డు గుడి బయట దొరుకుతుంది, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేస్తూ తిరుగుతారు. నేను వెళ్లిన రోజే ఆ కార్డు కూడా కొన్నాను. కోరిక తీరకముందే కొనడం తొందరే, కానీ అది చేతిలో ఉంటే బాపు లేచినట్టే అనిపించింది. డైరీలో పెట్టుకున్నాను.

పొద్దున్నే, పనికి ముందే వెళ్లాను. రాళ్లు చల్లగా ఉన్నాయి. ఒక్కో చుట్టుకూ ఒకే మాట అనుకుంటూ తిరిగాను. మా బాపును లేపు స్వామీ. మొదటి చుట్టు, రెండో చుట్టు, ఆరు దాకా అదే మాట. ఏడో ప్రదక్షిణలో గర్భగుడి వెనక్కి వచ్చేసరికి నా లోపల ఇంకో మాట నడుస్తోంది. ఇంక చాలు స్వామీ, మా బాపును నీ దగ్గరికి తీసుకుపో. నేను దాన్ని తలచుకోలేదు. అదే వచ్చింది. సగం చుట్టు దాకా అదే మాటతో నడిచాను కూడా. తర్వాత ఉలిక్కిపడి ఆగితే వెనక వస్తున్నవాళ్లు తగిలి, నడువమ్మా అన్నారు. మిగతా నాలుగూ మళ్లీ మొదటి మాటతోనే పూర్తి చేశాను. ఆ రోజు నర్సరీలో రసీదు మీద మొక్క పేరు రాయాల్సిన చోట నా పేరు రాశాను.

రెండు నెలలకు బాపు మంచం కోడు పట్టుకొని నిలబడ్డాడు. ఇంకో నెలకు కర్ర పట్టుకొని గల్లీ చివరిదాకా నడిచాడు. అమ్మ శనివారం పందిరి కింద అందరికీ చెప్పుకుంది, నా బిడ్డ పదకొండు సుట్లు తిరిగింది, ఆయిన లేసిండు అని. అందరూ నా తల నిమిరారు. అప్పటినుంచి ప్రతి శనివారం ఒకటే ప్రశ్న. నూట ఎనిమిది ఎప్పుడు?

నేను రేపూ మాపూ అంటూ వచ్చాను. నాకు భయం. దేవుడు విన్నది ఏ మాట? మొదటిది విన్నాడు కాబట్టే బాపు లేచాడు, సరే. మరి రెండోది కూడా ఆయన దగ్గరే ఉందిగా. నేను ఇప్పుడు వెళ్లి నూట ఎనిమిది మొదలుపెడితే, ఆయన మరచిపోయిన ఆ రెండో కోరికను నేనే గుర్తుచేసినట్టవుతుందేమో. వెళ్లకపోతే మొక్కు ఎగ్గొట్టినట్టు. రెండు వైపులా బాపు ప్రాణమే కనిపించేది. చదువుకున్న పిల్లకు ఇదేం భయమని ఎవరైనా నవ్వవచ్చు. కర్ర చప్పుడు రెండు నిమిషాలు వినిపించకపోతే వంటింట్లోంచి పరుగెత్తిన నాకు నవ్వు రాలేదు. డైరీలో కుడి పేజీ మీద కూడా ఆ మాట రాయలేకపోయాను.

చివరికి ఒక ఆదివారం టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె ఒక్కతే గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల నార తీస్తోంది. నేను కూడా కూర్చుని తీయడం మొదలుపెట్టాను. సగం గంప అయ్యాక, తల వంచుకునే అంతా చెప్పాను. ఏడో చుట్టు, వెనక గోడ, సగం దాకా నడిచిన సంగతి, ముందే కొన్న కార్డు. చెప్పి, నేను నూట ఎనిమిది తిరగవచ్చా అని అడిగాను.

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వేళ్లకు చిక్కుడు వాసన.

“తిరుగు బిడ్డ. మొదటి మాటనే మొక్కు. ఇగ గీ ముచ్చట నా కడుపుల పడ్డది, ఈడికెల్లి ఏడికి పోదు.”

ఆ వారం నేను ఎంత తేలికగా ఉన్నానో. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను, ఒక స్టేజీ దాటి దిగి వెనక్కి నడిచాను, నడుస్తూ కూడా సంతోషంగానే ఉంది. వచ్చే ఆదివారం గుడికి పోదామని అమ్మతో అన్నాను.

శనివారం వచ్చింది. అమ్మ పక్కన కూర్చున్నాను. మా ఇద్దరి చేతుల్లో టీచరమ్మే అక్షింతలు పోసింది. నా చేతిలో పోసేటప్పుడు నవ్వింది. ఆ నవ్వు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. దానిలో చెడు ఏమీ లేదు, అది ఇప్పటికీ నాకు అర్థం కాదు.

“ఇయ్యాల్ల పాతది కాదు, కొత్త కథ” అంది. “మన దిక్కే ఒక ఊర్ల ఒక కుమ్మరోడు ఉన్నడు.”

కుమ్మరికి చెయ్యి పడిపోయింది. చక్రం ఆగిపోయింది. బంగారంలాంటి బిడ్డ తండ్రికి తినిపిస్తోంది, కడుగుతోంది. అప్పటికి కూడా నేను వింటూనే ఉన్నాను, అయ్యో అనుకుంటూ. బిడ్డ గుడికి పోయి పదకొండు చుట్లు తిరగడం మొదలుపెట్టినప్పుడు నా చెవులు వేడెక్కాయి. టీచరమ్మ మొదటి చుట్టు చెప్పింది, రెండో చుట్టు చెప్పింది. కథ చెప్పేవాళ్లు ఎలా చెబుతారో అలా, ఒక్కో చుట్టుకూ కొంచెం గొంతు తగ్గిస్తూ. ఆరో చుట్టు అయ్యేసరికి పందిరి కింద గాజుల చప్పుడు కూడా లేదు.

ఏడో చుట్టు చెప్పింది. నా మాట నా మాటగానే చెప్పింది. ఇంక చాలు స్వామీ అన్నదగ్గర ఆమె గొంతు వణికింది కూడా.

నా ముందు కూర్చున్న ఆమె మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. తర్వాత ఆమె పక్కామె. పదకొండు చుట్లు తిరిగిన బిడ్డ ఎవరో అమ్మే కదా వాళ్లందరికీ వారాల తరబడి చెప్పింది. కుమ్మరి అన్నా, కూరగాయల రైతన్నా వాళ్లకు ఒకటే. ముందే కొని దాచుకున్న కార్డు కూడా కథలో వచ్చింది. అమ్మ మోకాలు నా మోకాలికి ఆనుకుని ఉంది. అది కదలలేదు. అమ్మ నా వైపు చూడలేదు. లేచిపోవాలనిపించింది. గుప్పిట్లో అక్షింతలు ఉన్నాయి. లేస్తే కథ తెగుతుంది, తెగిన కథ ఇంటికి అచ్చిరాదు, ఇంట్లో బాపు ఉన్నాడు. నా భయాన్ని బయటపెడుతున్న కథను, ఆ భయంతోనే చివరిదాకా కూర్చుని విన్నాను.

రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, కథ చాలా బాగుంది. ఆమె చెప్పినవాటిలో అంత బాగున్నది ఇంకోటి లేదు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. అలసిపోయిన పిల్లల నోటి నుంచి వచ్చిన చెడ్డ మాటను దేవుడు వినడని, మంచి మాటను మాత్రం మూట కట్టుకుంటాడని చెప్పి ముగించింది. అందరూ గుప్పిళ్లు విప్పి తలమీద వేసుకున్నారు. అమ్మ కూడా వేసుకుంది. నేను విప్పలేదు. అలాగే ఇంటికి వచ్చి, చెమటకు అంటుకుపోయిన పసుపు గింజలను ఒక్కొక్కటే గీకి డైరీలో ఆ రోజు పేజీ మీద పెట్టాను. ఎడమ పేజీ ఖాళీగా ఉంది. ఆ కథను నేను రాసుకోలేదు.

అమ్మ ఆ సాయంత్రం రోజూలాగే జొన్నరొట్టె చేసింది. బాపుకు పెట్టింది, నాకు పెట్టింది. గిన్నెలు కడిగేటప్పుడు, కుళాయి చప్పుడులో, నా వైపు చూడకుండా అంది.

“తొమ్మిది నెలలు నీ పక్కకే పండుకున్న. నాకు చెప్పకపోతివి. ఆమెకు పోయి చెప్పినవ్.”

అమ్మ గిన్నె బోర్లించి, ఇంకో మాట అంది. నాకు మాత్రం రాలేదా గసొంటి మాట? నేను ఎవలకన్న చెప్పుకున్ననా? అంతే. ఆ తర్వాత ఆ సంగతి అమ్మ ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను మోసం చేసినది ఒకరే అనుకుంటూ వచ్చాను. ఆ రాత్రి అమ్మ చీర కొంగు పట్టుకుని పడుకుంటే, అమ్మ లెక్కలో మోసం చేసినవాళ్లలో నేను కూడా ఒకదాన్నని తెలిసింది.

రెండు రోజులకు టీచరమ్మే వచ్చింది, గిన్నెలో పరమాన్నం పట్టుకొని. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. శనివారం మొహం చిన్నబుచ్చుకుని పోయినవేంది అని అడిగింది. నేను కాళ్లవైపు చూస్తున్నాను.

“పేరు తీసిన్నా నేను? కుమ్మరోని బిడ్డ అన్న. నీ అసొంటి పిల్లలు ఇంకెందరు ఉన్నరో, లోపల లోపలనే కుములుకుంట. వాళ్లకు ధైర్యం వస్తదని చెప్పిన. దేవుని కథ ఎవలదో ఒకలదే గదనే మొదలు?”

ఆమె నిజంగానే అలా అనుకుంది. నన్ను బజారులో పెట్టాలని కాదు. ఒక మంచి కథ దొరికింది, చెప్పకుండా ఉండలేకపోయింది. గిన్నె తీసుకున్నాను. నాలాంటివాళ్లు గిన్నె తీసుకుంటారు, తలుపు వేయలేరు.

జవాబు ఆమె వెళ్లిపోయాక వచ్చింది. అటుకుల మూట లాక్కున్న దేవుడు తనే తిన్నాడు. పిడికెడు నోట్లో వేసుకొని సంతోషపడ్డాడు. సభలోవాళ్లను పిలిచి, చూడండి ఈ పేదవాడు చినిగిన గుడ్డలో ఏం దాచుకొచ్చాడోనని విప్పి చూపించలేదు. ఆ తేడా నాకు నేర్పిన మనిషికే తెలియకపోవడం నన్ను కోసింది. పదేళ్లపాటు నేను నమ్మినది కథనా, ఆమెనా అని విడదీసి చూసుకోవాల్సి వచ్చింది. పూజగదిలో కూర్చుంటే ఆమె గొంతే వినిపించేది. దేవుడి ముందు కళ్లు మూసుకుంటే, ఇక్కడ అనుకున్నది కూడా శనివారానికి పందిరి కిందికి వెళ్తుందేమోననిపించి కళ్లు తెరిచేదాన్ని. గుడికి పోదామనుకున్న ఆదివారం దాటిపోయింది, చాలా రోజులు దేవుడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దీపం పెట్టి లేచి వచ్చేదాన్ని.

ఇక మిగిలింది బాపు. ఆయనకు తెలియకూడదని ఒక్కటే అనుకున్నాను. తెలిసింది. కథ విన్న ఒక ముసలామె ఆయన్ని చూడటానికి వచ్చి, వెళ్లబోతూ, బిడ్డ మీద కోపం పెట్టుకోకు పటేలా, చిన్న పిల్ల, నోరు జారింది అంది. మంచి మనసుతోనే అంది. నేను వంటింట్లో ఉన్నాను. ఆ మాట అక్కడికి వినిపించింది.

మర్నాడు ఆదివారం. సాయంత్రం ఎండ దిగాక బాపు వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. నన్ను పిలిచి ఎదురుగా పీట మీద కూర్చోమన్నాడు. ఆయన మాట ఇప్పుడు నెమ్మది, ఒక్కో పదం మధ్య ఆగుతాడు.

“ఆమె చెప్పింది వద్దు. నువ్వు చెప్పు.”

నేను ఆయన కర్ర వైపు చూస్తూ చెప్పాను. టీచరమ్మకు చెప్పినప్పటికంటే కష్టమైంది. ఏడో చుట్టు దగ్గర ఆగిపోయాను. బాపు ఎడమచేత్తో మోకాలు రుద్దుకుంటూ అడిగాడు.

“ఏడోదాంట్లనే ఎందుకు? ఆరోదాంట్ల ఎందుకు రాలే?”

వెటకారమేమో అనుకుని తలెత్తాను. కాదు, ఆయన నిజంగానే అడుగుతున్నాడు, మడిలో ఒక మూల మాత్రమే ఎందుకు ఎండిందని అడిగినట్టు. అప్పటిదాకా ఆ ప్రశ్న నేను నన్ను అడుక్కోలేదు. ఆలోచిస్తే ఆ చోటు కళ్లముందుకు వచ్చింది. గర్భగుడి వెనక గోడకు ఆనించి ఒక పెద్దాయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన భార్య కొంగుతో ఆయన నోరు తుడుస్తోంది. అంతమంది తిరుగుతున్నారు. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆరో చుట్టులో వాళ్లు అక్కడ లేరు. ఏడో చుట్టులో ఉన్నారు. ఆ తిప్పుకున్న ముఖం చూశాకే ఆ మాట వచ్చింది.

అలసట లేదని అనను. అప్పటికి నాకూ అమ్మకూ ఒళ్లు హూనమై ఉంది. కానీ ఆ మాట మొదలైంది అక్కడ కాదు. అంతా బాపుకు చెప్పాను. చెబుతుంటే ఆయన ముఖం గోడవైపు తిప్పుకోలేదు. గేటు వైపు చూస్తూ అన్నాడు.

“గట్లైతె నువ్వు నా మాటనే అడిగినవ్ బిడ్డ. దేవుడు మన ఇద్దరిది ఇనలే, పో.”

ఆయన పెదవి ఎడమవైపు మాత్రమే నవ్వుతుంది ఇప్పుడు. నేను లోపలికి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

ఆ తర్వాతి ఆదివారం ముగ్గురం బస్సెక్కి, మొయినాబాద్ దాటాక ఆటో మాట్లాడుకుని గుడికి వెళ్లాం. బాపును నీడలో కూర్చోబెట్టి, అమ్మను ఆయన దగ్గర ఉంచి, నేను కార్డు, పెన్సిలు పట్టుకొని మొదలుపెట్టాను. ఏడో గడి కొట్టేసేటప్పుడు చెయ్యి ఆగింది. గర్భగుడి వెనక్కి వచ్చి చూస్తే గోడ దగ్గర ఎవరూ లేరు. ఆ చోట స్వామితో, చాలా రోజుల తర్వాత, మాట్లాడాను. ఏమన్నానో ఇక్కడ రాయను. డైరీలో కూడా రాయలేదు. మిగతా నూటొక్కటి కాళ్లు కాలుతూ, దాహంతో, ఒక్కోసారి ఏమీ అనుకోకుండానే తిరిగాను. అయిపోయేసరికి మధ్యాహ్నం. బాపు అమ్మతో పెసర్ల ధర గురించి గొడవపడుతున్నాడు.

చేవెళ్లలో బస్సు దిగేసరికి టీచరమ్మ అక్కడే ఉంది, సంచిలో కూరగాయలతో. మా నుదుట బొట్లు, నా చేతిలో ప్రసాదం చూసింది. ఆమె ముఖం విప్పారింది. అమ్మ పక్కకు జరిగి బాపు చెయ్యి పట్టుకుంది. టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, మొక్కు తీరిందా బిడ్డ అని అడిగింది. తీరిందన్నాను. ప్రసాదం పెట్టాను. కళ్లకద్దుకుని తింది. పదేళ్లు నాకు దేవుణ్ని చూపించిన మనిషి. ఇంకో మాట లేకుండా నేను వచ్చేసి ఉండవచ్చు.

“మీ కథ చివర తప్పు చెప్పిన్రు టీచరమ్మా. అట్ల కాలే.”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. టీచరమ్మ నమలడం ఆపింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె సంచి కింద పెట్టి, కొంచెం ముందుకు వంగింది. కళ్లలో ఆ చూపు నాకు తెలుసు. పన్నెండేళ్ల వయసు నుంచి అదే చూపుతో ఆమె ముందు నేను కూర్చున్నాను.

“మరెట్లయింది?” అని అడిగింది.

అమ్మా బాపూ అప్పటికే గల్లీ వైపు నడుస్తున్నారు. కర్ర చప్పుడు వినిపిస్తోంది. ఆమె సంచి తీసి ఆమె చేతికి ఇచ్చాను. ఎండ ఎక్కువుంది, ఇంటికి పోండి అని మాత్రం అన్నాను.

శనివారాలు ఇప్పుడు నర్సరీలో సాయంత్రం దాకా ఉంటున్నాను. ఆ అక్షింతలు డైరీలోనే ఉన్నాయి, పేజీకి పసుపు అంటింది. తలమీద వేసుకోవాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇది రాశాక అమ్మకూ బాపుకూ చదివి వినిపించి, ఉంచమంటారా చించేయమంటారా అని అడిగాను. అమ్మ, తను గిన్నెలు కడుగుతూ అన్న మాట తీసెయ్యమంది, మళ్లీ తనే ఉండనీ అంది. టీచరమ్మను అడగలేదు. పేరు రాయలేదు కదా అని నాకు నేను చెప్పుకుంటుంటే, గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆమె మాట గుర్తొచ్చింది. అయినా చించలేదు.